గోడ మొత్తం నాదేనని రాసిచ్చాను

ఆ ఏడాది మిరుగు కార్తె వాన ముందే పడింది. వనపర్తిలో అందరూ వానలు మొదలయ్యాయని సంబరపడుతుంటే నేను నా టైలరింగ్ షాపులో మిషన్ ముందు కూర్చుని వణుకుతున్నాను. రేకుల మీద చినుకు పడితే చాలు, కుట్టు వంకర పోయేది. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు "ఏందక్కా, జెరమొచ్చిందా?" అని నా నుదురు పట్టి చూసేవాళ్ళు. జ్వరం కాదు తల్లీ, గోడ. అమ్మకానికని నేను కొని, కప్పు విప్పించిన ఇంటికీ, పక్కింటి పెద్దమ్మ ఇంటికీ నడుమ ఉన్న మట్టిగోడ. అది అటు వాలింది. పడితే ఆమె మీదే పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు అనుకున్నాను.

మొదటి నుంచీ చెప్తాను. నాకు జాకెట్లు కుట్టడం తప్ప వేరే విద్య లేదు. మా ఆయన ఒక కాలేజీ బస్సు డ్రైవరు. బిజినేపల్లి పక్కన మా వాటాకు వచ్చిన చేను అమ్మి వనపర్తిలో ఒక పాత మిద్దె ఇల్లు కొన్నాం. ఉండటానికి కాదు, బాగుచేసి అమ్మడానికి. ఆ ఆలోచన నాదే. పాత పట్టుచీరకు ఫాల్ మార్చి, అంచు సరిచేసి కొత్తదానిలా చేసి ఇచ్చేదాన్ని, ఇల్లు చెయ్యలేనా అనుకున్నాను. బుర్ర ఉండాల్సిన చోట ధైర్యం ఉంటే ఇట్లాగే ఉంటుంది. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఏ పనికైనా ముందు ఆ మాటే అంటాడు, పని చెడ్డాక మాత్రం "నేనప్పుడే అన్న" అంటాడు.

మా దిక్కు పాత మిద్దెల గోడలు బండలూ బురదా కలిపి కట్టినవి, రెండడుగుల పైన మందం ఉంటాయి. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, ఆపైన చౌడుమట్టి. పక్కపక్క ఇళ్ళకు నడుమ ఒక్కటే గోడ. మా దూలాలు ఇటునుంచి, వాళ్ళ దూలాలు అటునుంచి ఆ ఒక్క గోడలోనే కూర్చుంటాయి. రెండు కప్పుల బరువు దాన్ని రెండు వైపులా పట్టి ఉంచుతుంది. ఒక కప్పు తీసేస్తే అది ఎటు వాలుతుందో చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. నాకు మాత్రం ఆ తెలివి కప్పు తీశాకే వచ్చింది.

గోడకు అటువైపు పెద్దమ్మ ఒక్కతే ఉండేది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. పెళ్ళయిన కొత్తలో మొగుడితో కలిసి కూలి గుంపులో బొంబాయి వెళ్ళి, ముప్పై ఏళ్ళు ఊరూరా కట్టడాల దగ్గర మట్టి మోసింది. ఆయన పోయాక తిరిగొచ్చి అత్తగారి ఇంట్లో ఉంటోంది. కూతురిని లింగాలలో ఇచ్చింది. ఆదివారం వస్తే తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని చర్చికి వెళ్ళేది. నేను తాళం తీసిన మొదటి రోజే వచ్చి గడపలో నిలబడి, "నువ్వేనా బిడ్డా కొన్నది? మంచిగైంది. ఎన్నేండ్ల సంది ఈ ఇంట్ల దీపం లేకుండె" అంది. తన ఇంట్లోకి పిలిచి నాకు ఛాయ్ కూడా ఇచ్చింది. చక్కెర దండిగా వేసిన ఛాయ్.

ఇంటికి అనుమతి కోసం ప్లాన్ గీసే అతన్ని పిలిచాను. టేపు పట్టుకుని అన్ని మూలలూ కొలిచాడు. పెద్దమ్మ ఇంట్లోకీ వెళ్ళి కొలిచొచ్చాడు. రెండు రోజుల తరవాత షాపుకు వచ్చి, మిషన్ మీద కాగితాలు పరిచి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మేడం, నడిమి గోడ ఉమ్మడిదని రాస్తే పక్కామె సంతకం గావాలె, ఆమె కాగితాలు గావాలె. ఆమె దగ్గర ఇంటిపన్ను రసీదు తప్ప ఏం లేదు, అది గూడ మామ పేరు మీద. మస్తు లేటైతది. గోడ మొత్తం మనదే అని చూపిస్తే అయిపాయె."

"ఎవరన్నా అడిగితే?"

"ఎవలు అడుగుతరు మేడం? ఆ ముసలామెనా?"

అనుమతికి ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తుతో పాటు ఒక హామీపత్రం ఇవ్వాలి. చూపించిన హద్దులన్నీ నిజమని, అబద్ధమైతే బాధ్యత నాదేనని అందులో ఉంది. చదివే సంతకం పెట్టాను. చదవకుండా పెట్టానని చెప్పుకుంటే ఇప్పుడు కొంచెం హాయిగా ఉండేదేమో, కానీ చదివాను. నాగర్‌కర్నూల్ నుంచి ఒక టీచర్ల జంట అప్పటికే ఇల్లు చూసి వెళ్ళారు, కాగితాలు సాఫ్‌గా ఉండాలని గట్టిగా చెప్పారు. ఆ మాటొక్కటే నా చెవిలో తిరుగుతోంది.

ఇంకో వారంలో మూఢం. మూఢంలో కొత్త పని ముట్టుకోరు, ముందే మొదలుపెట్టిన పనైతే సాగించుకోవచ్చు. అందుకని మూఢం ముందు వారం మా దిక్కు ఎక్కడ చూసినా టెంకాయలు పగులుతుంటాయి. మేస్త్రీలకు అది పండగ. ఒక్కొక్కరు నాలుగైదు ఇళ్ళలో గునపం వేసి అందరినీ కట్టేసుకుంటారు, ఆ తరవాత ఎవరింటికి ఎప్పుడు వెళ్ళాలో వాళ్ళ ఇష్టం. మా మేస్త్రిది గద్వాల. అనుమతి ఇంకా రాలేదని నేను నసిగితే, "శాస్త్రానికి ఒక్క దంతె తీస్తం మేడం. పని వట్టినట్టు ఉంటది. మిగతాది కాగితం వచ్చినంక" అన్నాడు.

టెంకాయ కొట్టాం. ఒక్క దంతె తీశారు. అప్పుడు మేస్త్రి చుట్టూ చూసి, "ఇంతమంది కూలోళ్ళను పట్టుకొచ్చిన, ఉత్తగ కూసోబెట్టాల్నా?" అన్నాడు. నేను ఒక్క మాట అంటే ఆగేవాడు. అనలేదు సరికదా, పని చకచకా సాగుతోందని మురిసిపోయి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. రెండు రోజుల్లో కప్పంతా నేలమీదికి వచ్చింది. మూడో రోజు మేస్త్రి రాలేదు. నాలుగో రోజు రాలేదు. ఫోన్ చేస్తే "దారిల ఉన్న మేడం" అనేవాడు. ఆ దారి ఏ దేశంలో ఉందో దేవుడికే తెలియాలి.

ఆ వారమే మున్సిపాలిటీ నుంచి ఒకతను వచ్చి చూశాడు. "అనుమతి రాకముందే ఎట్ల విప్పిన్రు? పని ఆపుండ్రి. మేం చెప్పేదాక ఇటుక గూడ పెట్టొద్దు" అని చెప్పి, ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. ఆపడానికి పని ఎక్కడ జరుగుతోంది గనక! గోడ మటుకు నెత్తి మీద ఏమీ లేకుండా ఆకాశం కింద నిలబడి ఉంది. అప్పుడు మొదటి వాన పడింది.

తెల్లవారి వెళ్ళి చూస్తే గోడ పైన బురద కరిగి చారలు చారలుగా కిందికి కారి ఉంది. నడుమ పగులు. నా చెయ్యి దూరేంత లేదు గానీ వేలు దూరుతుంది. దారానికి రాయి కట్టి, రాయి గోడ అడుగును తాకేలా పైనుంచి వేలాడదీసి, పైన దారానికీ గోడకూ నడుమ సందు నా టేపుతో కొలిచాను. ఒకటిన్నర అంగుళం. సుద్దముక్కతో గీత పెట్టాను. జాకెట్‌కు అర అంగుళం తేడా వస్తే కుట్టు విప్పి మళ్ళీ వేస్తాను, దీన్ని ఏం చెయ్యను? మూడు రోజుల తరవాత రెండుంబావు. గోడ పెద్దమ్మ ఇంటి వైపు వాలుతోంది. ఆమె మంచం ఆ గోడకే ఆనించి ఉంటుంది, ఛాయ్ తాగిన రోజే చూశాను.

మేస్త్రి ఒకసారి పొరపాటున ఫోన్ ఎత్తాడు. కొలతలు చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.

"అటు దిక్కు నుంచి గోడకు ఆనిచ్చి పోటుకట్టెలు పెట్టాలె మేడం. సర్వి కట్టెలు నాలుగైదు గట్టిగ పెడితే ఆగుతది. మన దిక్కు నుంచి ఏం జేసినా లాభం లేదు."

"అటువైపంటే ఆమె ఇంట్లో."

"ఔ. ముందుగాల ఆమెకు చెప్పుండ్రి. మనిషిని అండ్లకెళ్ళి తియ్యుండ్రి."

చెప్తే ఏమవుతుంది? ఆమె గోల చేస్తుంది. కూతురు వస్తుంది. మున్సిపాలిటీకి ఫిర్యాదు పోతుంది. వాళ్ళు ప్లాన్ పట్టుకుని వచ్చి గోడ కొలుస్తారు, నా సంతకం బయటపడుతుంది. జైల్లో వేస్తారేమో అనుకున్నాను. నవ్వకండి, నిజంగానే అనుకున్నాను. చెప్పకపోతే? కళ్ళు మూసుకుంటే మట్టి కింద నుంచి తెల్లచీర కొంగు కనబడేది. అన్నం నోటికి పోయేది కాదు. మా ఆయన "చెప్పేద్దాం, ఏదైతే అదైతది" అన్నాడు. ఆయన మీద విరుచుకుపడ్డాను. ఒక్క మంచి మాట అన్నందుకు పాపం రెండు రోజులు నా చేత తిట్లు తిన్నాడు.

చెప్పకుండా ఆమెను బయటికి తీయాలని చూశాను. నా బుద్ధి అక్కడికే పోయింది. "పెద్దమ్మా, కాజాలు కుట్టడానికి మనిషి లేదు, నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి సాయం చెయ్యరాదూ" అన్నాను. "నాకు కండ్లు కనవడయి బిడ్డా" అంది. "మా ఇంట్లో టీవీ ఉంది, చల్లగా పడుకోవచ్చు" అన్నాను. "నాకు నా ఇల్లే చల్లగుంటది" అంది. ఆదివారం చర్చికి వెళ్ళినప్పుడు పోటుకట్టెలు పెట్టించేద్దామని ఇద్దరు మనుషులను మాట్లాడి వీధి చివర నిలబెట్టాను. ఆమె చర్చికి వెళ్ళలేదు. తరవాతి ఆదివారమూ వెళ్ళలేదు. గడపలో కూర్చుని నన్నే చూస్తోంది. నాకు కోపం నషాళానికి అంటింది. ఈ ముసలిదానికి ఇప్పుడే దేవుడి మీద అలక రావాలా అని పళ్ళు నూరుకున్నాను.

ఆఖరికి లింగాలకు ఫోన్ చేసి ఆమె కూతురితో అబద్ధం చెప్పాను. మీ అమ్మకు ఒంట్లో బాగాలేదు, తీసుకుపొమ్మన్నాను. మర్నాడే పరిగెత్తుకొచ్చింది పాపం. తల్లి నిక్షేపంలా ఉంది, రమ్మంటే రానంది. కూతురు నా షాపుకు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మకేం లేదు గదక్కా. మరి నన్నెందుకు పిలిచినవు?"

"దగ్గుతోందని..."

"దగ్గుతలేదు. అమ్మను ఆడికెళ్ళి పంపాలని నీకెందుకింత తొందర?"

 చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టేశాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది గానీ, తల్లికి ఏం చెప్పి వెళ్ళిందో నాకు తెలియదు. ఆ మర్నాటి నుంచి పెద్దమ్మ కూరగాయలకు కూడా బయటికి రాలేదు. వీధిలో ఎవరో ఒకరు తెచ్చిచ్చేవాళ్ళు.

గోడ మూడు అంగుళాలు దాటిన రోజు మధ్యాహ్నం శ్రీరంగాపూర్ దిక్కు నుంచి మబ్బు లేచింది. పెళ్ళి జాకెట్ ఒకటి మిషన్ మీద ఉంది. చూస్తుండగానే చీకటి కమ్మింది, గాలి మొదలైంది. సూది విరిగింది. ఇక కూర్చోలేకపోయాను. షాపు తెరిచే వదిలేసి చెప్పులు లేకుండా పరిగెత్తాను. దారిలో ఎవరో "ఏమైందక్కా?" అని అరిచారు. ఆగలేదు.

పెద్దమ్మ తలుపు తీసే ఉంది. ఆమె మంచం మీద కూర్చుని ఉంది, వీపు వెనక జానెడు దూరంలో గోడ. గోడ నడుమ పొట్ట వచ్చి లోపలికి ఉబ్బి ఉంది. కప్పు విప్పాక ఇటువైపు నుంచి నేను ఒక్కసారీ చూడలేదు. నేను కొలిచిన అంగుళాలు దాని ముందు ఏ పాటి! దూలం కొసన మట్టి పొడిపొడిగా రాలుతోంది. గడపలో నిలబడే పిలిచాను.

"పెద్దమ్మా, బయటికి రా. గోడ పడిపోతది."

"తెల్సు."

"తెలుసా?"

"ముప్పై ఏండ్లు మట్టిపని జేసిన బిడ్డా. గోడ ఎప్పుడు పడతదో నాకు తెల్వదా? నువ్వు కప్పు ఇప్పిన నాడే తెల్సు."

"తెలిసి ఇక్కడే కూర్చున్నావా? నీకు పిచ్చా?" అని అరిచాను. భయంతో వచ్చిన కోపం అది.

ఆమె కదల్లేదు. "నీ ప్లానాయన టేపు కొస నాకే ఇచ్చిండు పట్టుకొమ్మని. నా ఇంట్ల, ఈ గోడ మీదికెళ్ళి పట్టుకున్న. నా ఇల్లు ఈడికెళ్ళే మొదలని రాసుకున్నడు. నడుమల గోడంత నీ లెక్కలకు పాయె. కొలతలు నాకు తెల్వయనుకున్నడు. అప్పటి సంది నువ్వు నన్ను ఇండ్లకెళ్ళి ఎల్లగొట్టనీకె చూస్తున్నవు. కాజాలంటివి, టీవీ అంటివి, నా బిడ్డను పిలిపిస్తివి. నేను పోయినంక గోడ పడితే, మళ్ళ ఏడ కడతవు? నా దిక్కు జరిపి కడతవు. నా దగ్గర కాగితం లేదు. నేను కూసున్న జాగే నా కాగితం."

బయట చినుకులు పెద్దవి పడుతున్నాయి. ఆమెకేమవుతుందోనని భయపడుతున్నానని ఇన్ని రోజులూ నన్ను చూసి నేనే జాలిపడ్డాను. ఆమె నన్ను చూసి భయపడుతోందని ఒక్కసారి కూడా తట్టలేదు.

"సగం నీదే పెద్దమ్మా. నా మీద ఒట్టు, సగం నీదే. లే."

"నాకు జెప్తే ఏమొస్తది? నలుగుర్ల జెప్పు."

నాకు సిగ్గూ లజ్జా ఏమీ మిగల్లేదు. వీధి నడుమకు వెళ్ళి వానలో నిలబడ్డాను. గాలికి తలుపులు వేసుకుంటున్న వాళ్ళు, కిరాణా కొట్టు ముందు తలదాచుకున్న వాళ్ళు అందరూ నా వైపు చూశారు. "ఈ నడిమి గోడల సగం పెద్దమ్మది! మొత్తం నాదేనని కాగితంల అబద్ధం రాసిచ్చిన! అందరు ఇనుండ్రి, సగం ఆమెదే!" అని గొంతు చించుకుని అరిచాను. రెండుసార్లు అరిచాను. కిరాణా కొట్టాయన చేతిలో త్రాసు అట్లాగే ఉండిపోయింది.

వెనక్కి తిరిగితే పెద్దమ్మ గడప దాటుతోంది. బైబిలు, ఒక బట్టల మూట. చెయ్యి పట్టుకుంటే నా చేతిని బిగించి పట్టుకుంది.  "భయమైతలేదనుకున్నవా?" అంది. "నీకు గోడ పడుతదని భయం. నాకు పడినంక భయం."

కిరాణా కొట్టు రేకు కింద నిలబడ్డాం. గంట కూడా గడవలేదు. పెద్ద చప్పుడేమీ రాలేదు, తడిసిన మట్టి గనక గోడ ఒక్కసారిగా కూర్చుండిపోయింది. దాని వెంట ఆమె దూలాలు రెండు దిగాయి. వాన తగ్గాక వెళ్ళి చూస్తే మంచం కోడు ఒక్కటి మట్టిలోంచి బయటికి కనబడుతోంది. అది చూసి నేను వీధిలోనే వాంతి చేసుకున్నాను. పెద్దమ్మే నా వీపు రాసింది.

మర్నాడు నేనే మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి, రాసిచ్చింది అబద్ధమని రాసిచ్చాను. జైల్లో వెయ్యలేదు. కసిరారు, జరిమానా వేశారు, మొదటి నుంచీ మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. నాగర్‌కర్నూల్ వాళ్ళు ఇల్లు వద్దనుకున్నారు. మేస్త్రి మాత్రం ఈసారి పిలవకుండానే వచ్చాడు, తల దించుకుని ముందు ఆమె ఇంటి దిగిన దూలాలను పోటుకట్టెల మీద ఎత్తి నిలబెట్టాడు. కొత్త గోడ పునాది తీసేటప్పుడు పెద్దమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే నిలబడి "ఆ మట్టి లూజున్నది, ఇంక లోతు తియ్" అని వాణ్ణి కూర్చోనివ్వలేదు.

కొత్త ప్లాన్‌లో గోడ నడుమ గీత గీసి, అటు సగం ఆమెదని రాయించాను. వీధిలో ఇద్దరి సాక్షి సంతకాలతో ఆమె వేలిముద్ర వేసింది. ఒక ప్రతి ఆమె చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, బైబిల్లో పెట్టుకుంది. వెంటనే వెళ్ళలేదు. షాపులో స్టూలు మీద కూర్చుని కొంగు కొస చుట్టుకుంటూ ఉంది. ఏదో అడగాలని ఉందని తెలుస్తోంది.

"ఏంది పెద్దమ్మా?"

"మనుమరాలు పెద్దమనిషయ్యి నెలయితుంది బిడ్డా, లింగాలల. చూసిరాలే. ఇప్పుడు పొయ్యి రావొచ్చునా? రెండు రోజులే." నా మొహంలోకి చూసి మళ్ళీ అడిగింది. "పోతే ఏం గాదు గద?"